విండోస్ 11లో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు నడిపించడం ఎలా

పేజీలు కట్టే అడోబీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ దాని మీద పని ఆపేసింది 2004లో. అయినా శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, చిన్న పత్రికలు చేసే డీటీపీ సెంటర్లలో అది ఇప్పటికీ పొద్దున్నే తెరుచుకుంటోంది. ఏళ్ల తరబడి పేరుకున్న ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఆపరేటర్ల వేళ్లకు తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ‘అను’లోని ఆపిల్ అనే కీబోర్డు అమరిక అలవాటైపోయింది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఇప్పుడు కొంటున్న ప్రతి కంప్యూటరూ విండోస్ 11తోనే వస్తోంది. పాత సరంజామాను దాని మీదికి ఎలా ఎక్కించాలో, ఎక్కడెక్కడ మొరాయిస్తుందో, ఎందుకో కింద వరసగా ఉంది.

ఒక మాట ముందే. పేజ్‌మేకర్ 32 బిట్ ప్రోగ్రామ్, అది విండోస్ 11లో నడుస్తుంది. ఇబ్బంది పెట్టేవి దాని చుట్టూ ఉన్నవి: పర్మిషన్లు, ఫాంట్లు, కీబోర్డు ప్రోగ్రామ్, ప్రింటర్. చాలామంది పేజ్‌మేకర్‌నే పదిసార్లు తీసేసి మళ్లీ వేస్తారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పాత మెషిన్ ఆపేయకముందు

పాతది ఇంకా ఆన్ అవుతుంటే ఈ పనులు ఇవాళే చేయండి. హార్డ్ డిస్క్ పోయాక చేయగలిగింది తక్కువ.

1. ఇన్‌స్టాలేషన్ సీడీలను ఐఎస్‌ఓ ఫైళ్లుగా (సీడీ మొత్తానికి నకలు) మార్చి పెట్టుకోండి. ఇమ్‌గ్‌బర్న్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. విండోస్ 11లో ఐఎస్‌ఓ మీద డబుల్ క్లిక్ చేస్తే సీడీ వేసినట్టే తెరుచుకుంటుంది, డ్రైవ్ అక్కర్లేదు.

2. సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకోండి. పేజ్‌మేకర్ 7 నాటికి అడోబీలో ఆన్‌లైన్ యాక్టివేషన్ లేదు, సీరియల్ ఒక్కటే అడుగుతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా అది ఇన్‌స్టాల్ అవుతున్నదంటే ఈ ఒక్క కారణం చేతే. సీడీ పోయిందని ఎక్కడెక్కడి నుంచో క్రాక్ కాపీ దింపుకోవద్దు. అలాంటి సెటప్‌లలో వైరస్ ఉండటం మామూలే. కస్టమర్ల ఫైళ్లన్నీ ఉండే కంప్యూటర్‌లో దాన్ని నడపడం కొరివితో తల గోక్కోవడమే.

3. విండోస్ ఫాంట్స్ ఫోల్డర్ నుంచి మీరు వాడే అను ఫాంట్లన్నీ వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. అను 6 ఫాంట్లతో చేసిన ఫైళ్లు ఉంటే ఆ ఫాంట్లు కూడా తప్పకుండా తీసుకోండి. పేరు దగ్గరగా ఉందని ఒక వెర్షన్ బదులు ఇంకొకటి వేయకండి.

4. ముఖ్యమైన జాబ్ ఒక్కొక్కటీ పేజ్‌మేకర్‌లో తెరిచి, సేవ్ యాజ్ బాక్స్‌లో కాపీ కింద ‘ఆల్ లింక్డ్ ఫైల్స్’ ఎంచి కొత్త ఫోల్డర్‌లో సేవ్ చేయండి. ఫొటోలు కూడా వెంట వస్తాయి. ఉత్త ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకొస్తే ఫొటోల స్థానంలో మసక ప్రివ్యూలే మిగులుతాయి.

5. నాలుగైదు రకాల పేజీలు పాత మెషిన్ మీదే ప్రింటు తీసి పక్కన పెట్టండి. కొత్త మెషిన్‌లో వచ్చేదాన్ని సరిచూసుకోవడానికి ఇంతకు మించిన కొలబద్ద లేదు.

ఇన్‌స్టాల్ చేయడం

సెటప్ చూపించే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ను ఒప్పుకోవద్దు. ఫోల్డర్ మార్చే చోట సీ డ్రైవ్‌లో నేరుగా ‘పీఎం7’ లాంటి చిన్న ఇంగ్లిష్ పేరుతో ఫోల్డర్ ఇవ్వండి. ఎందుకంటే, పేజ్‌మేకర్ తన సెట్టింగ్స్‌ను తన ఫోల్డర్‌లోనే రాసుకుంటుంది. ఎక్స్‌పీ రోజుల్లో దానికి అడ్డు లేదు. విస్టా నుంచి విండోస్ మామూలు యూజర్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయనివ్వదు. పాత ప్రోగ్రామ్ రాయబోతే ఆ ఫైల్‌ను గుట్టుగా యూజర్ ఫోల్డర్ లోపలి యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్‌లోకి మళ్లిస్తుంది. నిన్న మార్చిన సెట్టింగ్ ఇవాళ కనిపించకపోవడం, ఒక యూజర్‌కు ఒకలా ఇంకొకరికి ఇంకోలా ఉండటం ఇందుకే. సీ డ్రైవ్‌లో విడిగా చేసిన ఫోల్డర్‌కు ఈ గొడవ లేదు.

అనుతో తెలుగు టైప్ చేయించే కీబోర్డు ప్రోగ్రామ్ అను స్క్రిప్ట్ మేనేజర్. దాని సెటప్ ఫోల్డర్ మార్చనిస్తే దాన్నీ ఇలాగే బయట పెట్టండి.

సెటప్ మీద క్లిక్ చేయగానే ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అని వస్తే, ఆ సెటప్ 16 బిట్‌ది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రామ్‌లు అసలు నడవవు, విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఏది టిక్ చేసినా మారదు. అలాంటి వాటికి కింద చెప్పిన వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) దారి పట్టండి.

ఇన్‌స్టాల్ అయ్యాక ముందు ఏ కంపాటిబిలిటీ మోడ్ లేకుండానే నడిపి చూడండి. సాఫీగా తెరుచుకుంటే ఆ ట్యాబ్ ముట్టుకోవద్దు. తెరవగానే మూసుకుపోతుంటే మాత్రమే ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలో ‘విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3’ పెట్టండి. అప్పటికీ మూసుకుపోతే, పేజ్‌మేకర్ ఫోల్డర్ లోపల ఆర్‌ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్‌లోని భాష ఫోల్డర్‌లో ఉండే ‘పీఎం70.సీఎన్ఎఫ్’ ఫైల్ పేరు మార్చి మళ్లీ తెరవండి. ప్రిఫరెన్సులు పాడైతే వచ్చే క్రాష్‌లు దీంతో పోతాయి. ఫైల్ కొత్తగా తయారవుతుంది, మీ ప్రిఫరెన్సులు మళ్లీ పెట్టుకోవాలి, అంతే.

తెలుగు పడటం లేదంటే

అందరూ ఫోన్ చేసి అడిగేది ఇదే. నోట్‌ప్యాడ్‌లోనో వర్డ్‌లోనో అను సరిగ్గా పడుతుంది. పేజ్‌మేకర్‌లోకి వచ్చి అదే ఫాంటు ఎంచి టైప్ చేస్తే సంబంధం లేని ముక్కలు పడతాయి: ఒక తలకట్టు, ఒక వత్తు, మధ్యలో ఏదో గుర్తు. ఫాంటు పాడైందని అనుకుంటారు. కాదు.

అను స్క్రిప్ట్ మేనేజర్ మీ కీ నొక్కుడును మధ్యలో పట్టుకుని, దాని బదులు సరైన కోడ్‌ను ప్రోగ్రామ్‌కు పంపుతుంది. అడ్మినిస్ట్రేటర్ హక్కుతో నడుస్తున్న ప్రోగ్రామ్‌కు మామూలు హక్కుతో నడుస్తున్న ప్రోగ్రామ్ కీలు పంపడాన్ని విండోస్ విస్టా నుంచి అడ్డుకుంటోంది. ఎవరో ఎక్కడో చదివి పేజ్‌మేకర్‌కు ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ టిక్ పెట్టి ఉంటారు, స్క్రిప్ట్ మేనేజర్‌కు పెట్టలేదు. అప్పుడు కీబోర్డు నుంచి వచ్చే కీ మార్పు లేకుండా నేరుగా పేజ్‌మేకర్‌కు చేరుతుంది. ఆ కీ కోడ్ దగ్గర అను ఫాంటులో ఏ ముక్క ఉంటే అదే తెర మీద పడుతుంది.

చేయాల్సింది:

1. రెండింటి ప్రాపర్టీస్ తెరిచి కంపాటిబిలిటీ ట్యాబ్ చూడండి. ‘రన్ దిస్ ప్రోగ్రామ్ యాజ్ యాన్ అడ్మినిస్ట్రేటర్’ టిక్ రెండింటికీ ఉండాలి, లేదా రెండింటికీ ఉండకూడదు.

2. ఉండకపోవడమే మేలు. అడ్మిన్‌గా నడిచే పేజ్‌మేకర్‌లోకి ఫోల్డర్ నుంచి ఫైళ్లు లాగి వేయలేరు. పక్క కంప్యూటర్‌లోని మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్ కూడా అందులో కనిపించదు. ‘జడ్ డ్రైవ్ మాయమైంది’ అనే ఫిర్యాదు వెనక ఉన్నది చాలాసార్లు ఈ టిక్కే.

3. స్క్రిప్ట్ మేనేజర్ అడ్మిన్ లేకుండా తెరుచుకోనంటే దానికి టిక్ పెట్టండి, పేజ్‌మేకర్‌ను మామూలుగా వదిలేయండి. పై హక్కున్నది కింద హక్కున్నదానికి కీలు పంపగలదు. తిరగేస్తేనే తంటా.

4. రెండింటినీ పూర్తిగా మూసి, ముందు స్క్రిప్ట్ మేనేజర్, తర్వాత పేజ్‌మేకర్ తెరవండి.

ఇంకో లక్షణం ఉంది: కొన్ని అక్షరాలు సరిగ్గా వచ్చి కొన్ని మాత్రం ప్రశ్నార్థకాలుగానో ఖాళీ డబ్బాలుగానో రావడం. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకూ సొంత కోడ్‌లు ఇచ్చే పద్ధతి) కావు. తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద, ఆ పైన 128 నుంచి 255 వరకు ఉన్న కోడ్‌ల మీద కూర్చోబెట్టారు. ఈ పై సగాన్ని విండోస్ ఎలా అర్థం చేసుకుంటుందో సిస్టమ్ లొకేల్ తేలుస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అడ్మినిస్ట్రేటివ్, చేంజ్ సిస్టమ్ లొకేల్‌కి వెళ్లండి. ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్ గానీ ఇంగ్లిష్ ఇండియా గానీ ఉండాలి. కింద బీటా అని ఉన్న ‘యూజ్ యూనికోడ్ యూటీఎఫ్-8’ డబ్బాలో టిక్ ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. కంప్యూటర్ అమ్మిన అబ్బాయి ‘తెలుగు బాగా రావాలని’ పెట్టిన టిక్ అది. అనుకు మాత్రం అదే విషం.

వర్డ్‌లో అను టైప్ చేసి పేజ్‌మేకర్‌లోకి తెచ్చేవాళ్లు వర్డ్ ఆటోకరెక్ట్ ఆపేయండి. వాక్యం మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేస్తున్నానని వర్డ్ చిన్న అక్షరం కోడ్‌ను పెద్దదిగా మారుస్తుంది. అనులో ఆ రెండూ రెండు వేర్వేరు తెలుగు ముక్కలు. పేరా మొదట్లో మాత్రమే తప్పు పడుతోందంటే కారణం ఇదే.

ఫాంట్లు ఎక్కించేటప్పుడు

విండోస్ 10 మధ్యలో ఒక మార్పు వచ్చింది. 1809 వెర్షన్ నుంచి ఫాంటు మీద రైట్ క్లిక్ చేసి ఉత్త ‘ఇన్‌స్టాల్’ కొడితే అది ఆ ఒక్క యూజర్ ఫోల్డర్‌లోకే వెళ్తుంది. పాత ప్రోగ్రామ్‌లు అక్కడ వెతకకపోవచ్చు. అందుకని ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ కొట్టండి. విండోస్ 11లో అది కనిపించకపోతే రైట్ క్లిక్ మెనూలో ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కితే వస్తుంది. ఇప్పటికే తప్పుగా వేసి ఉంటే తీసేసి మళ్లీ ఇలా వేయండి.

పనికొచ్చేవే వేయండి. ఎవరో ఇచ్చిన డీవీడీలోని ఫాంట్లన్నీ గుత్తగా ఎక్కిస్తే పేజ్‌మేకర్ తెరుచుకోవడమే భారమవుతుంది.

తెర చిన్నదిగానో మసకగానో ఉంటే

లాప్‌టాప్‌లలో డిస్‌ప్లే స్కేల్ 125, 150 శాతం ఉంటుంది. ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, ‘చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’లో కింది డబ్బా టిక్ చేసి ‘సిస్టమ్’ ఎంచండి. కాస్త మసకగా ఉన్నా ప్యాలెట్లు, మెనూలు సరైన సైజులో ఉంటాయి. ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’ చదవడానికి స్పష్టంగా ఉంటుంది గానీ గీతలు, ఫ్రేములు గీసేటప్పుడు తేడా చేయవచ్చు. రోజంతా పేజ్‌మేకర్‌లోనే పనైతే మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్ పెట్టుకుని స్కేల్ 100 దగ్గర ఉంచుకోవడం అన్నిటికన్నా సుఖం.

ప్రింటు, పీడీఎఫ్

పేజ్‌మేకర్ పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కు చెప్పే భాష) కోసం పుట్టిన ప్రోగ్రామ్. దాని పెట్టెలో వచ్చిన, పీడీఎఫ్ తయారుచేసే డిస్టిలర్ 5ను విండోస్ 11లో ఎక్కించే ప్రయత్నం వదిలేయండి, దాని ప్రింటర్ డ్రైవర్ ఆ కాలానిది. మీ పనిని బట్టి మూడు దారులు.

కస్టమర్‌కు వాట్సాప్‌లో పంపే ప్రూఫ్‌కైతే మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ చాలు. ఇది పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ కాదు. అందుకని పేజీలో ఈపీఎస్ (పోస్ట్‌స్క్రిప్ట్‌లో ఉండే) బొమ్మలు ఉంటే వాటి అసలు రూపం రాదు, తెర మీద కనిపించే ముతక ప్రివ్యూనే అచ్చవుతుంది. కోరల్‌డ్రాలో గీసి ఈపీఎస్‌గా తెచ్చిన లోగో అంచులు మెట్లుమెట్లుగా వచ్చాయంటే కారణం ఇదే. ఆ పీడీఎఫ్‌ను ప్రెస్‌కు మాత్రం పంపకండి.

ఆఫీసు లేజర్ ప్రింటర్ మీద ట్రేసింగ్ పేపర్ తీసేవాళ్లు ఆ ప్రింటర్‌కు తయారీదారు ఇచ్చే పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్ ఉందేమో చూసుకోండి. ఉంటే అదే వేయండి.

ప్రెస్‌కు, ప్లేట్‌కు వెళ్లే పనికి కొత్త అక్రోబాట్‌తో వచ్చే ‘అడోబీ పీడీఎఫ్’ ప్రింటర్ గానీ, పోస్ట్‌స్క్రిప్ట్ మీద పనిచేసే పీడీఎఫ్‌క్రియేటర్ గానీ వాడండి. అడోబీ పీడీఎఫ్‌కు వరస ఇదీ:

1. విండోస్‌లో ప్రింటర్లలోకి వెళ్లి అడోబీ పీడీఎఫ్ ప్రింటింగ్ ప్రిఫరెన్సులు తెరవండి. ‘రిలై ఆన్ సిస్టమ్ ఫాంట్స్ ఓన్లీ’ అని మొదలయ్యే టిక్ తీసేయండి. ఇది ఉంటే పేజ్‌మేకర్ ప్రింటు ఇవ్వగానే ‘హోస్ట్ ఫాంట్లు పంపాలి’ అని ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది.

2. పేజ్‌మేకర్ ప్రింట్ బాక్స్‌లో పీపీడీ (ప్రింటర్ వివరాల ఫైల్) జాబితాలో అడోబీ పీడీఎఫ్ కనిపించకపోతే, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, స్పూల్, డ్రైవర్స్, ఎక్స్64, 3 వరకు వెళ్లి ‘ఏడీపీడీఎఫ్’తో మొదలయ్యే పీపీడీ ఫైల్‌ను కాపీ చేయండి. పేజ్‌మేకర్ ఫోల్డర్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌సీ, భాష ఫోల్డర్, దాని లోపలి ‘పీపీడీ4’లో వేసి పేజ్‌మేకర్‌ను మూసి తెరవండి.

3. పేపర్ సైజు ప్రింట్ బాక్స్‌లో విడిగా పెట్టాలి. డాక్యుమెంట్ ఏ4 అయినా పేపర్ లెటర్ అని ఉంటే అడుగున కోత పడుతుంది. క్రాప్ మార్కులు (కాగితం కత్తిరించే గుర్తులు) కావాలంటే పేపర్ డాక్యుమెంట్ కన్నా పెద్దదిగా, కస్టమ్‌లో పెట్టుకోండి.

4. పీడీఎఫ్ వచ్చాక అక్రోబాట్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్, ఫాంట్స్ ట్యాబ్ చూడండి. ప్రతి అను ఫాంటు పక్కన ‘ఎంబెడెడ్’ అని ఉండాలి. ఒక్కదానికి లేకపోయినా ప్రెస్ వాళ్ల కంప్యూటర్‌లో తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాల చెత్త పడుతుంది.

ఈ పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేసి ఎక్కడా పెట్టలేరు, వెతకలేరు. కనిపించేది తెలుగు, లోపల ఉన్నది ఇంగ్లిష్ కోడ్‌లు.

పాత ఫైల్ మొదటిసారి తెరిచేటప్పుడు

పానోస్ ఫాంట్ మ్యాచింగ్ అనే బాక్స్ వచ్చిందంటే ఫైల్‌లో వాడిన ఫాంటు ఈ కంప్యూటర్‌లో లేదు. ఇక్కడ తొందరపడి ‘పర్మనెంట్’ ఎంచి సేవ్ చేశారో, ఆ పేరాలకు అసలు ఏ ఫాంటు ఉండేదో ఫైల్ మరిచిపోతుంది. క్యాన్సిల్ చేసి, ఫాంటు వేసుకుని, మళ్లీ తెరవండి.

లైన్లు జరిగి, పేజీ చివర రెండు లైన్లు కిందికి పోతే డాక్యుమెంట్ సెటప్‌లో ‘కంపోజ్ టు ప్రింటర్’ చూడండి. పేజ్‌మేకర్ ఎంచిన ప్రింటర్ కొలతల ప్రకారం పేజీని కూర్చుతుంది. పాత మెషిన్‌లో ఉన్న ప్రింటర్ ఇక్కడ లేకపోతే మళ్లీ కూర్చే అవకాశం ఉంది. పుస్తకాల పని చేసేవాళ్లు అన్ని కంప్యూటర్లలో ఒకే పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్‌ను పెట్టుకుని దానికే కూర్చండి. పాత మెషిన్‌లో తీసిపెట్టిన ప్రింటు ఇక్కడే అక్కరకొస్తుంది.

ఫైల్ వింతగా ప్రవర్తిస్తుంటే పాయింటర్ టూల్ పట్టుకుని, కంట్రోల్, షిఫ్ట్ నొక్కి ఉంచి టైప్ మెనూలో హైఫనేషన్ ఎంచండి. పేజ్‌మేకర్ ఫైల్‌ను తనే తనిఖీ చేస్తుంది. ఒక బీప్ అంటే బాగుంది, రెండు అంటే లోపం దొరికి సరిచేసింది, మూడు అంటే దొరికింది గానీ సరికాలేదు. మూడు వస్తే పేజీలను కొత్త ఫైల్‌లోకి కాపీ చేసుకోండి.

జాబ్ ఫోల్డర్లు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్‌లో పెట్టకండి. విండోస్ 11 వాటిని వన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి కంప్యూటర్‌లో పేరు మాత్రమే మిగల్చవచ్చు, ఫైళ్ల దారి కూడా మారిపోతుంది. పేజ్‌మేకర్ లింకులు తెగేది అక్కడే. డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టుకోండి. లింకులు చూసుకోవడానికి కంట్రోల్, షిఫ్ట్, డీ.

ఏదీ కుదరకపోతే వర్చువల్ మెషిన్

16 బిట్ సెటప్, ఎక్స్‌పీ దాటి నడవని స్క్రిప్ట్ మేనేజర్, పాత డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవడానికి కంప్యూటర్‌కు తగిలించే తాళం లాంటి పరికరం) ఉన్నవాళ్లకు ఇదే దారి. ఒరాకిల్ వర్చువల్‌బాక్స్ వేసి అందులో మీ దగ్గర లైసెన్స్ ఉన్న పాత విండోస్ ఎక్కించండి. ఎక్స్‌పీకి 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ ధారాళం. 32 బిట్ విండోస్ 7కైతే 2 జీబీ, 32 జీబీ ఇవ్వండి.

ఎక్స్‌పీ ఇన్‌స్టాల్ మధ్యలో నీలం తెర, 7బీతో ముగిసే కోడ్ వస్తే డిస్క్‌ను సాటా కంట్రోలర్ మీద పెట్టారన్నమాట. ఎక్స్‌పీలో దానికి డ్రైవర్ లేదు. స్టోరేజ్ సెట్టింగ్స్‌లో ఐడీఈకి మార్చండి. మెషిన్ అసలు మొదలవకపోతే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయండి. కింద మూలన ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తూ నత్తనడక నడిస్తే, విండోస్ సొంత వర్చువల్ మెషిన్ వ్యవస్థ హైపర్-వీ అడ్డం ఉందని అర్థం. కోర్ ఐసొలేషన్‌లోని మెమరీ ఇంటిగ్రిటీ కూడా దానికి కారణం కావచ్చు. దాన్ని ఆపితే రక్షణ కొంత తగ్గుతుంది, ఆలోచించి ఆపండి.

వర్చువల్‌బాక్స్‌తో వచ్చే గెస్ట్ అడిషన్స్ లోపల వేసి షేర్డ్ ఫోల్డర్ పెట్టుకుంటే ఫైళ్లు ఇటూ అటూ పోతాయి. పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్‌ను లోపల తయారుచేసి, బయట విండోస్ 11లో పీడీఎఫ్ చేసుకోండి. నెట్‌వర్క్ మాత్రం తీసేయండి. ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయాయి. అంతా కుదిరాక స్నాప్‌షాట్ (మెషిన్ అప్పటి స్థితి నకలు) తీసి, ఆ మెషిన్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్క్‌లో దాచండి. రేపు ఇంకో కంప్యూటర్ కొన్నా అదే తీసుకెళ్లి పెట్టుకోవచ్చు. స్నాప్‌డ్రాగన్ లాప్‌టాప్‌లలో, ఎమ్ చిప్ మ్యాక్‌లలో మాత్రం ఈ పద్ధతిలో వర్చువల్‌బాక్స్ ఎక్స్‌పీని నడపలేదు. ఈ పనికి ఇంటెల్ లేదా ఏఎండీ యంత్రమే కొనండి.

ఫైళ్లను బయటికి తేవడం

పాతవాటిని ఎన్నాళ్లు నడిపినా, కొత్తగా చేసే పనిని యూనికోడ్‌లో మొదలుపెట్టడం మంచిది. పేజీలు కట్టే అడోబీ కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ వరకే పేజ్‌మేకర్ 6, ఆ పై ఫైళ్లు తెరుచుకుంటాయి, ఆ తర్వాతి సీసీ వెర్షన్లలో తెరుచుకోవు. పేజ్‌మేకరే లేని చోట ఫైల్‌లో ఏముందో చూడాలంటే లిబ్రెఆఫీస్ డ్రా ప్రయత్నించండి. లేఅవుట్ అచ్చు గుద్దినట్టు రాదు గానీ విషయం చిక్కుతుంది.

టెక్స్ట్‌ను పేజ్‌మేకర్ ఎక్స్‌పోర్ట్ ద్వారా తీసి అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేయండి. ఉత్త టెక్స్ట్‌గా కాకుండా ఆర్‌టీఎఫ్‌గా తీయండి. ఉత్త టెక్స్ట్‌లో ఏ పదం ఏ ఫాంటులో ఉండేదో పోతుంది కాబట్టి మధ్యలో ఉన్న ఇంగ్లిష్ పేర్లు, ఈమెయిల్ అడ్రసులు కూడా తెలుగు ముక్కలుగా మారిపోతాయి. ఆర్‌టీఎఫ్‌ను వర్డ్‌లో తెరిచి, ఫాంటును బట్టి వెతికి ఇంగ్లిష్ పదాలను గుర్తుపెట్టుకుని, అను భాగాన్నే కన్వర్టర్‌లో వేయండి. మార్చాక క్రారవడి, వట్రసుడి, రెండు వత్తులున్న ‘స్త్ర’, ‘ష్ట్ర’ లాంటివి ఒకటికి రెండుసార్లు చూడండి. అనులో ముక్కలు ముందూ వెనకా టైప్ అయి ఉంటాయి కాబట్టి తప్పులు ఎక్కువగా వీటి దగ్గరే జరుగుతాయి. తర్వాత పేజీలు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6లో గానీ, వరల్డ్-రెడీ కంపోజర్ (తెలుగు లాంటి లిపుల్ని సరిగ్గా కూర్చే సెట్టింగ్) పెట్టిన ఇన్‌డిజైన్‌లో గానీ, మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో పేజీ కట్టుకోవచ్చు. ఇన్‌డిజైన్‌లో కంపోజర్ మార్చడం మరిస్తే వత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడతాయి. దాన్ని ఫాంటు తప్పనుకుని ఫాంట్లు మార్చుకుంటూ కూర్చోకండి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కంపోజర్ మార్చండి.